సీసాలో పోసింది

ఫిబ్రవరి 9, 1999

ప్రియమైన తెంచా అక్కకు,

ఈ ఉత్తరం తెచ్చిన చినాండేగా బస్సు డ్రైవరే నీకో గాజు సీసా కూడా ఇస్తాడు. మూత గట్టిగానే బిగించాను, అయినా ఒళ్ళో పెట్టుకోకు. అందులో నికనోర్ కిడ్నీ ముక్కలు, కాలేయం ముక్క, గుండె ముక్క ఉన్నాయి. మన వీధి చివరింటి నికనోరే, ప్రార్థనా మందిరంలో గిటారు వాయించేవాడు. ఇరవై ఏడేళ్ళు. శనివారం పొద్దెక్కాక చెరకు కోస్తూ కోస్తూ, చేతిలో కత్తి వదలకుండానే బోర్లా పడిపోయాడట.

మిల్లు డాక్టరు శవాన్ని చూడడానికి వచ్చాడు. చూశాడని రాస్తే అబద్ధమవుతుంది. పచ్చిమామిడి ముక్కలు ఉప్పులో అద్దుకు తింటూ, బల్లకు రెండడుగుల దూరంలో నిలబడి, "సారా" అన్నాడు.

"వాడు తాగడండీ. మందిరానికెళ్ళే మనిషి" అన్నాను.

"చెరకు కోసేవాడు చెరకే తాగుతాడు. ఇంకేం చూస్తావురా?"

ఉప్పంటిన వేళ్ళు శవం మీది దుప్పటికే తుడుచుకున్నాడు. నేను తీసిన రక్తం గొట్టాన్ని ఎప్పటిలాగే అక్కర్లేదంటూ తొట్టిలో వంపేశాడు. పన్నెండేళ్ళుగా ఈ గదిలో శవాలు కోస్తున్నాను. ఏ శవాన్ని చూసినా ఇంత రోత పుట్టలేదు.

పాస్టర్ అబ్దియాస్ రాజధానిలో మీ ల్యాబు ఇచ్చే కాగితం కోసం చూస్తున్నాడు. సారా అని వచ్చిందా, నికనోర్ పేరు మందిరం పుస్తకంలోంచి కొట్టేస్తారు, వాడి కోసం ఎవరూ పాడరు. వాడి పెళ్ళాం హెర్మెలిందా నా చెయ్యి పట్టుకుని, "అన్నా, మీ అక్క భూతద్దం కింద పెట్టి చూస్తుందటగా. ఆవిడనొక్కసారి చూడమను" అంది. ముక్కలు కుళ్ళకుండా పోసే ఫార్మలిన్ సంగతి నీకు తెలుసు, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఎలాగో సర్దాను.

నాన్న పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనకు నువ్వు రాలేదు. దాని గురించి నేనేమీ అనను. ఈ ఒక్క పని చేసిపెట్టు.

నీ తమ్ముడు,
లిసాండ్రో

ఫిబ్రవరి 15

ప్రియమైన లిచో,

నీ సీసా చేరింది. మూత తీయగానే గుప్పుమన్న సారా కంపుకు మా గుమాస్తా ముక్కు మూసుకుని, "మేడమ్, మీ ఊరివాళ్ళు పండగ పంపించారు" అన్నాడు. గదంతా నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రక్తం రాకపోతే కాలేయం ముక్కలో సారా ఎంతుందో కొలవడం ఇక్కడి ఆనవాయితీ. మా ల్యాబులో ఆ పని చూసే ఉర్బీనా కొలిచాడు. అంత తాగినవాడు కత్తి కాదు కదా, చెంచా కూడా పట్టుకోలేడు. కాగితం నిన్ననే మీ ఊరికి పోయింది. స్నేహితుడని వెనకేసుకొచ్చి నా పరువు తీశావు.

నాన్న పేరెత్తావు కాబట్టి చెబుతున్నాను. మరియమ్మ పురీసిమా పండగనాడు అమ్మ సమాధి మీద చెయ్యి వేసి, ఇక ముట్టనని ఒట్టు పెట్టాడు. మూడేళ్ళు ఆ ఒట్టును మనం నెత్తిన పెట్టుకుని ఊరేగాం. డిసెంబరులో ఆయన కాగితంలో ఏమొచ్చింది? సారాయేగా. అందుకే రాలేదు. నవంబరులో నేనొచ్చినప్పుడు ఆ నోటితోనే నా చెంప మీద ముద్దు పెట్టాడు. తలుచుకుంటే ఇప్పటికీ చెంప కడుక్కోవాలనిపిస్తుంది.

నువ్వడిగావు కాబట్టి, మొహమాటానికి, మంగళవారం నికనోర్ ముక్కలు అద్దం కింద పెడతాను. ఏదో కనబడుతుందని ఆశ పెట్టుకోకు.

నీ అక్క,
ఒర్తెన్సియా

ఫిబ్రవరి 22

ప్రియమైన అక్కకు,

ఆదివారం పాస్టర్ మీ కాగితాన్ని అందరి ముందూ చదివాడు. చదివి, గోడకున్న గిటారు తీసి హెర్మెలిందా చేతిలో పెట్టాడు. "తీసుకెళ్ళమ్మా. ఇది ఇక ఇక్కడుండకూడదు" అన్నాడు. ఆవిడ నడిచి పోతుంటే రెండు పక్కలా ఆడవాళ్ళు లంగాలు దగ్గరికి లాక్కున్నారు. పోయిన వారం ఆవిడ వండిన నకతమాల్ తిని చేతులు నాకినవాళ్ళే.

అక్కణ్ణించి నేరుగా నా దగ్గరికొచ్చింది. గిటారు బల్ల మీద పెట్టింది. "ఆరేళ్ళు పక్కలో పడుకున్నాను. నా మొగుడి నోటి వాసన నాకు తెలీదా అన్నా?" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

బస్సుల దగ్గర మిల్లు డాక్టరు కనబడి, "ఏరా, మీ పరిశుద్ధుడు ఏ బ్రాండు తాగేవాడట?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, అక్కా. ఎందుకు నవ్వానో తెలియదు. ఇంటికొచ్చాక నా మొహం మీద నాకే ఉమ్మాలనిపించింది.

మంగళవారం చూస్తానన్నావు. చూశావా?

లిసాండ్రో

ఫిబ్రవరి 24

లిచో,

చూశాను. ముక్కల అంచులు వేయించిన పందితోలు చిచర్రోన్‌లా బిగుసుకుపోయాయి, నడుమ కుళ్ళిపోయింది. ఫార్మలిన్‌లో ఊరిన ముక్క ఇలా ఉండదు.

సీసాలో ఏం పోశావు? ఈ బస్సుకే జవాబు రాయి. అబద్ధం రాయకు.

తెంచా

ఫిబ్రవరి 24, సాయంత్రం బస్సుకు

అక్కా,

రమ్ము పోశాను.

అక్టోబరు నుంచి ఫార్మలిన్ రావడంలేదు. మూడుసార్లు అడిగితే డాక్టరు, "నీ శవాలకు తొందరేముందిరా" అన్నాడు. కీళ్ళనొప్పులకు రుద్దుకోవడానికని అమ్మమ్మ పామును సారాలో వేసి మంచం కింద పెట్టేది గుర్తుందా? పదేళ్ళయినా ఆ పాము చెడలేదు. అదే బుర్రలో ఉంది. ముక్కలు నీ దాకా చెడకుండా చేరాలనే పోశాను. ఆ ముక్కల్లోనే సారా కొలుస్తారని నాకెవరూ చెప్పలేదు. దానికి రక్తం గొట్టం ఉంటుందనుకున్నాను. అది పోతున్నది తొట్టిలోకని రోజూ చూస్తూనే ఉన్నాను, రెండూ కలిపి ఆలోచించలేదు.

అక్టోబరు నుంచి తొమ్మిది సీసాలు పంపాను. తొమ్మిదీ చెరకు కోసేవాళ్ళవే. తొమ్మిదింటికీ సారా అనే తిరిగొచ్చింది. ఆ కాగితాలు ఇంటింటికీ ఇచ్చింది నేనే. ఇస్తూ, చీ, ఒక్కడూ బుద్ధిగా చావడేం అనుకున్నాను.

నాలుగోది నాన్నది. డాక్టరు బయటికి పొమ్మన్నా పోలేదు. నేనే కోశాను, నేనే పోశాను. నాన్న కదా అని ఆ రోజు ఖరీదైన రమ్ము కొన్నాను.

ఈ చేతులు ఎంత తోమినా వాసన పోవడంలేదు.

లిసాండ్రో

మార్చి 3

ప్రియమైన తమ్ముడు లిచోకు,

తొమ్మిది మందివీ మైనపు దిమ్మలు బీరువాలోంచి తీయించాను. ముక్కల్ని మైనంలో బిగించి ఉంచారు గానీ, నికనోర్‌వి తప్ప ఒక్కదాన్నీ కోసి అద్దం కింద పెట్టినవాళ్ళు లేరు. సారా లెక్క వచ్చాక ఇంకేం చూడాలన్నట్టు వదిలేశారు. "వదిలేశారు" అని రాస్తున్నాను చూడు. తొమ్మిది కాగితాల్లో అయిదింటి మీద సంతకం నాది. మిల్లు డాక్టరు మామిడికాయ తింటూ చేసిన పని నేను తినకుండా చేశాను, అంతే తేడా. నన్ను చూస్తే నాకు రోతగా ఉంది.

ఇప్పుడు అన్నీ చూశాను, నాలుగు రోజులు. నికనోర్ కిడ్నీల్లో రక్తాన్ని వడపోసే ఉండలు సగానికి పైగా మచ్చకట్టి చచ్చిపోయాయి. ఎనభై ఏళ్ళ ముసలివాడి కిడ్నీలవి. ఒక్కరోజులో, ఒక్క సీసాతో అయ్యే పని కాదు. నీళ్ళు లేకుండా ఆ ఎండలో ఏళ్ళ తరబడి కోస్తే ఇలాగే అవుతుందని నా నమ్మకం, అది కూడా రాస్తాను. తొమ్మిది మందిలో ఏడుగురివి అలాగే ఉన్నాయి. మిగతా ఇద్దరివి చెప్పలేనంతగా కుళ్ళాయి, ఆ మాటే రాస్తాను.

నాన్నవి ఆఖరున పెట్టాను. కాలేయంలో పాత మచ్చలున్నాయి, అవి మనకు తెలిసినవే. కానీ తాగేవాడి కాలేయానికి పట్టే కొవ్వు ఒక్క చుక్క లేదు. రెండుసార్లు కోయించి చూశాను, లేదు. కిడ్నీలు మాత్రం నికనోర్ కిడ్నీల పక్కన పెడితే ఎవరివేవో చెప్పలేను. ఆ ఒంటితో ఆ డిసెంబరులో పొలానికెళ్ళాడు, లిచో. ఒట్టు మీద నిలబడ్డాడు. సారా ఆయన నోట్లోకి పోలేదు. నువ్వు పోశావు, నేను నమ్మాను.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. తొమ్మిది కొత్త కాగితాలు తెస్తున్నాను, ఈసారి అన్నింటి మీదా నా సంతకమే ఉంటుంది. రమ్ము పోసింది నువ్వేనని, రక్తం పారబోసింది డాక్టరని కింద నువ్వు రాసి సంతకం పెట్టాలి. మనిద్దరి ఉద్యోగాలూ పోవచ్చు. ఉర్బీనా నాతో మాట్లాడడం అప్పుడే మానేశాడు. పాస్టర్‌కు చెప్పు, పాత కాగితం ఎంత గట్టిగా చదివాడో ఇదీ అంత గట్టిగా చదవాలి. హెర్మెలిందాను గిటారు తెమ్మను.

నాన్న కోసం తొమ్మిది రోజుల ప్రార్థన మళ్ళీ మొదటినుంచి పెట్టించు. తొమ్మిది రోజులూ ఉంటాను.

చెంప కడుక్కోవాలనిపిస్తుందని రాసిన ఉత్తరం నీ దగ్గరుందిగా. నేను దిగేలోపు దాన్ని పొయ్యిలో పెట్టెయ్.

నీ అక్క,
తెంచా