తమ్ముడి పేరు చెప్పని జోస్యం

శనివారం రాత్రి, 1961

రేపు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులోంచి రైల్వేవాళ్లు ముగ్గురిని ఎంచుకుని ఉద్యోగాలిస్తారు. ఎవరు తగినవాళ్లని జట్టుకు ఆట నేర్పే మా ఆయననే అడుగుతారు. ఈ సాయంత్రం అరుగు మీద ఆయన ముగ్గురి పేర్లు జోస్యం చెప్పారు. రాళ్ల నేల మీద మోకాళ్లు చీల్చుకుని గోలు కాసే మా తమ్ముడి పేరు లేదు.

"ఏమప్పా, మీ బామ్మర్దిని ఇడిసిపెడితివే?" అన్నాడు పక్కింటి ఓబులన్న.

"పెండ్లాం తమ్మున్ని నేనే పొగిడితే జనం నవ్వరా అన్నా?"

అందరూ నవ్వారు. తలుపు వెనక నాకు ఒళ్లు మండింది. నలుగురిలో నోరు విప్పలేను. వాళ్లు పోయాక అడిగాను, వాడు బాగా ఆడడా అని.

"వాని మాదిరి కాసేటోడు జిల్లాలోనే లేడు" అన్నారు.

నన్ను ఈ ఇంటికి ఇవ్వకపోయుంటే, ఆ మాట రేపు రైల్వేవాళ్లతో చెప్పేవారు.