బదులు మనిషి

హైదరాబాదు,
2 జూన్ 2025

గౌరవనీయులు సోడె పోతయ్య గారికి,
రేగులగుంపు, బూర్గంపాడు మండలం.

నమస్కారాలు. మీ మనుమరాలు పూలి మా విద్యార్థి మార్పిడి పథకానికి ఎంపికైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆగస్టు ఎనిమిదిన బయలుదేరి ఫిన్లాండ్ వెళ్ళి, అక్కడ ఒక కుటుంబంతో ఉంటూ వాళ్ళ బడిలో చదువుకుని, వచ్చే ఏడాది జూన్ ఇరవైన తిరిగి వస్తుంది. ఈసారి రాష్ట్రం మొత్తం మీద నలుగురికే దొరికిన అవకాశం ఇది.

తల్లిదండ్రులు లేని పిల్ల కాబట్టి గార్డియన్‌గా మీ సమ్మతి కావాలి. జతచేసిన పత్రం చివర సంతకం గాని, వేలిముద్ర గాని వేసి జూలై పదో తేదీలోగా మాకు చేరేలా పంపగలరు. గడువు దాటితే సీటు మరొకరికి పోతుంది. పూలిని ఇంట్లో పెట్టుకునే కుటుంబం వివరాలు కూడా పంపుతున్నాం. ఆ తల్లి పేరు మారియా, స్కూలు టీచరు. వాళ్ళ ఇల్లు అడవి అంచున ఉంటుంది.

ఇట్లు,
సుమేరా, సమన్వయకర్త

తా.క.: మీ నంబరుకు పదమూడు సార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఎవరో పెద్దావిడ ఎత్తి "పోతయ్య లేడు, గుట్ట దిగిండు" అని పెట్టేస్తున్నారు.


రేగులగుంపు,
9 జూన్ 2025

సుమేరా మేడం గారికి సోడె పోతయ్య దండం పెట్టి రాయించేది. మేము క్షేమం, మీరూ క్షేమమని తలుస్తం.

మీ ఉత్తరం అందింది. బొజ్జయ్య రెండు సార్లు చదివి వినిపించిండు. బొజ్జయ్య అంటే మా పోస్టాఫీసు పెద్ద. నేను చెబుతుంటే ఇది రాసేది కూడా ఆయనే. ఫోను ఎత్తింది పక్కింటి జంపక్క. మాకు సిగ్నలు గుట్ట మీదనే ఉంటది, అందుకని మేకలను తోలుకుపోయే వాళ్ళు ఫోను కూడా తోలుకుపోతరు. అయినా ఫోనులో మాట గాలికి పోతది. ఏదున్నా కాగితం మీద రాయండి.

పూలి సంగతికి ఊరంతా సంబరపడ్డది. ప్రయాణం పనులకని కాలేజీ వాళ్ళు సెలవు ఇస్తే ఇంటికి వచ్చి కూర్చున్నది. కాని మేడం, మీరు ఒక ముచ్చట రాయడం మరిచిన్రు. మా పిల్ల వాళ్ళింటికి పోతది, మంచిదే. మరి వాళ్ళింటి నుంచి మాకు ఎవరు వస్తున్నరు?

మా దగ్గర నాట్లకు గాని, ఇల్లు కప్పడానికి గాని, ఒక ఇంటి మనిషి వచ్చి సాయపడితే, మా ఇంటి మనిషి పోయి వాళ్ళకు సాయపడాలె. దాన్ని బదులు అంటం. మనిషికి మనిషే బదులు, ఇంకోటి చెల్లదు. ఒక్క పూట పనికే గిట్లుంటే ఏడాది మనిషికి ఎట్లుండాలె? మార్పిడి అని మీరే రాసిన్రు కదా.

వచ్చే మనిషి కోసం పందిరికి ఒక పక్క తడిక కట్టినం. మంచం నులక కూడా బిగించినం. వాళ్ళు ఇంటిల్లిపాదీ చెక్క గదిలో కూర్చుని చెమట పట్టించుకుంటరని మీ కాగితంలో ఉన్నది. దానికోసం మేము వేరే గది కట్టనక్కర లేదు, మే నెలలో మా ఊరు ఊరంతా అదే గది.

బదులు మనిషి సంగతి తేలినాక సంతకం సంగతి మాట్లాడుకుందం. తొందరేం లేదు.

ఇట్లు,
సోడె పోతయ్య

తా.క. (రాసినవాడి సొంత మాట): మేడం, గడువు ఉందని నేను చెప్పి చూశాను. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇది కూడా ఆయనకు చదివి వినిపించాలట, వినిపించను. బొజ్జయ్య.


హైదరాబాదు,
16 జూన్ 2025

పోతయ్య గారికి నమస్కారాలు.

మీ దరఖాస్తు అందింది. ఇంట్లో చోటు ఇస్తామని ఎవరు రాసినా మా ఆఫీసులో దాన్ని ఆతిథ్య కుటుంబం దరఖాస్తుగానే నమోదు చేస్తాం. అడవి ప్రాంతం నుంచి ఇలాంటిది రావడం ఇదే మొదటిసారి. మా డైరెక్టరు గారు మీ ఉత్తరాన్ని మీటింగులో చదివి వినిపించారు, నులక మంచం దగ్గర కాసేపు ఆగారు కూడా.

పన్నెండు పేజీల ఫారం జతచేస్తున్నాను. అన్ని ప్రశ్నలకూ నిజాయితీగా జవాబు రాయించండి. ఒక్కటి ఖాళీ ఉన్నా ఫారం వెనక్కి వస్తుంది.

అయితే పూలి ప్రయాణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని గమనించగలరు. సమ్మతి పత్రం మాత్రం దయచేసి వెంటనే పంపండి.

ఇట్లు,
సుమేరా

తా.క.: ఇంట్లో మంటలు అంటుకుంటే మోగే అలారం తప్పనిసరి. దాని వివరాలు ఏడో ప్రశ్నలో రాయాలి.


రేగులగుంపు,
25 జూన్ 2025

సుమేరా మేడం గారికి పోతయ్య దండాలు.

మీరు పంపిన ఫారం నింపడానికి ఆరు రోజులు పట్టింది. వేరే కవరులో పంపుతున్న. అందులో చోటు చాలక కొన్ని మాటలు ఇక్కడ రాయిస్తున్న.

గదులు ఎన్ని అన్నరు. లోపల ఒకటి, బయట పందిరి. దవాఖానా ఎంత దూరం అన్నరు. వాగు పొంగకపోతే గంట. పొంగితే తగ్గేదాకా. పెంపుడు జంతువులు: ఎడ్లు రెండు, మేకలు పదకొండు, కోళ్ళు మాపటికి గంప కింద మూసినప్పుడు లెక్కపెట్టి చెప్పాలె. కుక్క ఒకటి ఉన్నది, అది మాది కాదు, కాని పోదు. పొగ తాగేవాళ్ళు ఉన్నరా అంటే, నేనే. చుట్ట. మీ ఫారం వచ్చినప్పటి నుంచి పందిరి అవతలకు పోయి తాగుతున్న. మంటలు అంటుకుంటే మోగేది ఏంది అన్నరు. జంపక్క. మా ఊరికే కాదు, వాగు అవతలికి కూడా వినపడుద్ది.

పూలి తయారవుతున్నది. అక్కడ చలి ఎక్కువని, భద్రాచలంలో చేపలు అమ్మేవాళ్ళ ఐసు పెట్టెలో చేతులు పెట్టి వచ్చింది. రెండు నిమిషాలు ఓర్చుకున్నదట. వాళ్ళ భాషలో లెక్కలు కూడా నేర్చుకుంటున్నది. యుక్సి, కాక్సి, కోల్మే అంటూ మేకలను తోలుతున్నది. ఇప్పుడు ఆ మేకలు నా మాటకు కదలడం మానేసినయ్. పిల్ల పోయినాక వాటితో నేను ఏ భాష మాట్లాడాలె?

ఇంక ముప్పై ఒకటో ప్రశ్న. 'మీ కుటుంబంలో ఎవరైనా ఇంతకు ముందు ఏడాది పాటు ఇంటికి దూరంగా ఉన్నారా? వారితో ఎలా మాట్లాడుతూ ఉండేవారు?' అన్నరు. దీన్ని దాటేద్దమన్నడు బొజ్జయ్య. ఖాళీ ఉండొద్దని మీరు రాసిన్రు కదా, రాయమన్న.

ఉన్నది. నా చెల్లె సోమ్లి. దానికి పద్నాలుగేళ్ళప్పుడు పట్నం నుంచి ఒకాయన వచ్చిండు. పసిపిల్లను ఆడించే పని, ఒక్క ఏడాది, మళ్ళీ తునికాకు కోతలనాటికి దింపిపోతా అన్నడు. నలభై ఆరు కోతలు అయినయ్. తొమ్మిది ఉత్తరాలు రాయించినం. తొమ్మిదీ తిరిగి వచ్చినయ్, అట్లాంటి ఇల్లే లేదని.

అందుకే అడుగుతున్న మేడం. వాళ్ళ మనిషి నా పందిరి కింద ఉంటే, నా మనిషిని వాళ్ళు మరిచిపోరు. ఇది మొండితనం కాదు, భయం.

ఇట్లు,
సోడె పోతయ్య

తా.క. (బొజ్జయ్య): రోజుకు ఏడెనిమిది ప్రశ్నలకు మించి ముట్టనివ్వలేదు మేడం. మిగతా వేళంతా "మళ్ళీ చదువు" అంటాడు. పూలి రోజూ గుమ్మంలో నిలబడి సంతకం అయిందా అని నన్ను అడుగుతుంది. రేపు అడుగు అని పంపేస్తున్నాను.


హైదరాబాదు,
3 జూలై 2025

పోతయ్య తాతకు,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. అందుకే ఆఫీసు కాగితం మీద రాయడం లేదు.

ముప్పై ఒకటో జవాబు నేను ఆఫీసులో పూర్తిగా చదవలేకపోయాను, ఇంటికి తెచ్చుకుని చదివాను. మాది జూలూరుపాడు. నాన్నకు బట్టల కొట్టు ఉండేది. అడవి ఊళ్ళ పిల్లలను పట్నం పనికి తీసుకుపోయే వాళ్ళు మా కొట్టు ముందే బస్సు కోసం నిలబడేవాళ్ళు. ఆ పిల్లలకు గౌన్లు మా దగ్గరే కొనేవాళ్ళు. ఎర్ర గౌను కావాలని ఒక పిల్ల ఏడిస్తే నేనే తీసి ఇచ్చాను. వాళ్ళు తిరిగి వచ్చారా అని మేము ఎవరినీ అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తోంది తాతా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, అది నా తప్పు. మీ ఫారం, ఉత్తరాలు మిగతా దరఖాస్తులతో పాటు ఫిన్లాండ్ ఆఫీసుకు వెళ్ళిపోయాయి. వాళ్ళు తర్జుమా చేయించి, మీ మనుమరాలి పేరు చూసి మారియా గారికి ఇచ్చారు. ఆవిడ తన తండ్రికి చదివి వినిపించారు. ఆయన పేరు యూహాని, డెబ్బై ఒక్క ఏళ్ళు. "మనిషికి మనిషి అని ఆయన అడిగింది సబబే. మన ఇంట్లో పనీపాటా లేని మనిషిని నేనే కదా, నేను పోతాను" అన్నారట. ఏడాది ఉండలేరు. జనవరిలో ఒక నెల, సొంతంగా వస్తారు. ముసలివాడు బదులుకు చెల్లుతాడా అని మిమ్మల్ని అడగమన్నారు.

అయితే దాచకుండా ఒకటి చెబుతాను. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు ఫారెస్టు గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. మీ వైపు ఈ మాట ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు.

మా పథకం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకే కాబట్టి ఆఫీసు తరఫున నేను ఏ హామీ ఇవ్వలేను. నా పేరు మీద నేను ఇవ్వగలిగింది ఒక్కటే: పూలి గురించి మీరు ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు రాస్తాను. పదో తేదీ గురువారం. ఆ రోజు దాటితే నా చేతిలో ఏమీ ఉండదు. వేలిముద్ర అయినా చాలు తాతా, వేసి పంపండి.

మీ,
సుమేరా

తా.క.: జంపక్క ఏ కంపెనీ అలారమో, బ్యాటరీతో నడుస్తుందో కరెంటుతో నడుస్తుందో చెప్పమని ఫిన్లాండ్ ఆఫీసు అడిగింది. దేనితోనూ నడవదు, దానంతట అదే మోగుతుందని రాశాను. చాలా మెచ్చుకున్నారు.


రేగులగుంపు
జూలై 7

సుమేరాకు దీవెనలు.

నేను పోతయ్య. ఈ జాబు నేనే రాసిన. టపా ఆయన కాదు. చేయి నాదే, మాట నాదే.

పూలి చూపింది, నేను రాసిన. నెల రోజుల నుంచి మేకల కాడ పలక మీద మాకు ఇదే పని. రాతలో ఏదైనా తప. ఆ మాట రాయబోయి ఆగిన, తుడిచే వీలు లేదు. క కింద క, ప కింద ప, అలా కింద వేలాడేవి నాకు ఇంకా రాలేదు. అవి లేని మాటలు వెతికి వెతికి రాసిన. నా పేరులో ఒకటి ఉంది. దానికే వారం పోయింది.

సోమిలి పోయిన రోజు ఒక కాగితం మీద నేనే వేలు వేసిన. అందులో ఏముందో నాకు తెలీదు. అడగలేదు. వేలు నాది, మాట వాడిది. ఆ వేలు నాకు ఇంకా బరువే.

పూలి కాగితం మీద వేలు వేయకూడదని ఆగిన. చదివి సంతకం చేయాలని ఆగిన. దానికి నెల కావాలి. ముసలివాడు చదువుకుంటాడు, ఆగండి అంటే మీరు ఆగరు. అందుకే బదులు మనిషి కావాలని అడిగిన. అది మా రివాజే, నిజమే. భయమూ నిజమే. కాని నాకు అసలు కావలసినవి రోజులు. మీరు పంపిన పొడుగు కాగితాలు నింపే లోపల ఇంకో వారం దొరికింది. మీ మేలు మరువను.

మీ కాగితం మూడు రోజులు చదివిన. రానివి పూలి చదివింది. పూలిని ఏ రోజు తిరిగి పంపుతారో అది మాతరం నేనే చదివిన. జూను 20. ఆ రోజు దాటితే మీ ఆఫీసు ముందు కూచుంటా, మేకలతో సహా.

సంతకం చేసిన కాగితం ఇందులోనే ఉంది.

ఆ అడవి జవానుని రానీయండి. జవాను కనబడితే పరుగు తీసేవాడిని. ఈసారి పందిరి కింద కూచుని మాటలాడుతా.

ఇది రాసింది,
సోడె పోతయ్య

తా.క.: ఈ జాబు టపా ఆయనకు చూపలేదు. ఆయనకు కోపం. పూలిని నేను ఒకటే అడిగిన. అంత దూరం నుంచి రాసే జాబులో కింద వేలాడేవి లేకుండా రాయమని. నేనే చదువుకుంటా.