నల్లనుదురు పిట్ట

ఏవండీ,

మీరు పోయి ఎనిమిదేళ్లు దాటింది. కొత్తపేటలో మేమిద్దరం బాగానే ఉన్నామని రాద్దామనుకున్నాను. లేదండీ... నాకు చాలా భయంగా ఉంది.

మన స్వాతి జువాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. పరిశోధనకి ఏం ఎంచుకుందో తెలుసా? మీరు నోటుబుక్కులో బొమ్మలు గీసిన ఆ రెండు రకాల కొండ పిట్టలు. మీరు సైన్యంలో పనిచేసిన ఆ లడఖ్ కొండలకే వెళ్తుందట. గురువారం రైలు.

రెండూ పిచ్చుకంత ఉంటాయి, దూరం నుంచి చూస్తే ఒకటే అనుకుంటాం. వీపు మీద గోధుమ చారలున్నది చలి రాగానే కిందికి దిగిపోతుంది. నుదురు నల్లగా ఉన్నది మొండిగా పైనే ఉంటుంది. సెలవుకొచ్చినప్పుడల్లా నన్ను ఏడిపించేవారు కదా... "చారలది నీలాంటిదే సత్యా, ఊరికే బెదిరిపోద్ది. నల్లనుదురుది నాలాంటిది. ఎంత మంచు పడనీ, కదల్దు."

స్వాతి ఆ నోటుబుక్కునే నమ్ముకుంది. మీ ఆఖరి ఉత్తరం సంగతి దానికి తెలియదు. మీ మీద మంచు చరియ విరిగిపడిందన్న కబురు అందిన నాలుగో రోజున వచ్చిందది. ఇన్నాళ్లూ దాచేశాను.

ఎందుకు దాచానో చెప్పనా? మన చూరుకి పిచ్చుకల కోసం కట్టే వరి కంకుల కుచ్చు ఒకటి అల్లి, ఆఖరిసారి మీ ట్రంకుపెట్టెలో పెట్టింది నేనే. దాన్ని మీ గుడారానికి కట్టారు. "నల్లనుదురువి కూడా దిగేయి సత్యా! మన కుచ్చుకి మర్యాదిచ్చేయి, చూసేవా?" అని రాశారు. అవి వచ్చింది గింజల కోసం కాదేమో... పైన ఏదో పసిగట్టి పారిపోయి వచ్చాయేమో. కుచ్చులు కట్టే అలవాటు లేనివాళ్లయితే, ఎన్నడూ దిగనివి ఇప్పుడెందుకు దిగాయా అని అనుమానపడేవారు. మీరేమో చుట్టాలొచ్చినట్టు సంబరపడ్డారు. నేను ఆ కుచ్చు ఇవ్వకపోతే మీరూ దిగిపోయేవారా?

నిన్న స్వాతి తనకీ ఒక కుచ్చు అల్లివ్వమంది. అల్లలేదు. ఉత్తరం తీసి ఇచ్చాను. అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివింది. నన్ను తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి మళ్లీ సామాను సర్దుకుంది. అచ్చం మీ మొండితనమే.

ఆ ఉత్తరం అడుగున నా చేత్తో రాసి పంపుతున్నాను... రెండు రకాలూ దిగొస్తే చదువూ వద్దు, ఏమీ వద్దు, నువ్వూ దిగిపో తల్లీ అని. వింటుందా?

మీరు ఆ కొండల్లోనే ఎక్కడో ఉన్నారనిపిస్తుంది నాకు. దాన్ని దగ్గరగా చూసుకోవాలని మీకూ ఉంటుంది, తెలుసు. అయినా పిలవకండి. కిందికి తరిమేయండి.

మీ
సత్యవతి