మూడు నీళ్ళల్లో చూశానని ఒక్కసారి అబద్ధం రాసినవాడి వీలునామా

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, దిండి గ్రామ కాపురస్తుడు, కీర్తిశేషులు ఓలేటి వీరన్న గారి కుమారుడు, డెబ్బయ్యొక్క ఏళ్ళ వయసు గల ఓలేటి అప్పలస్వామి అను నేను, బుద్ధి నా చెప్పుచేతల్లో ఉండగా, ఎవరి బలవంతమూ ఎవరి సారాయీ లేకుండా, నా తదనంతరం నా వాళ్ళు ఒకరినొకరు నరుక్కోకుండా ఉండే నిమిత్తం రాయించుకున్న కడపటి వీలునామా ఇది. 'నరుక్కోకుండా' అన్నది మాట వరసకు అన్నది కాదు. ముందుకు చదివితే తెలుస్తుంది. ఇంతకు మునుపు నేను రాసినవీ, తాగినప్పుడు రేవులో నోటితో ప్రకటించినవీ అన్నీ ఇందుమూలంగా రద్దు.

రాజోలులో దస్తావేజులు రాసే సుధీర్ గారు "ఇలాంటి సొంత కబుర్లు వీలునామాలో ఉండవండి, తీసేద్దామండి" అన్నారు. "ఆయ్, అలాగే తీసేద్దాం, మీ ఫీజుతో సహా" అన్నాను. అందుచేత ఉన్నాయి.

1. నా స్వార్జితం: ఎనిమిది సెంట్లలో పెంకుటిల్లు, అరెకరం రొయ్యల చెరువు, ఇంజను పడవ ఒకటి, 'రేవు కబుర్లు' అనే బ్లాగు ఒకటి. బ్లాగు ఆస్తి ఎలా అవుతుందని సుధీర్ గారి సందేహం. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటి పెంకు మార్చింది అదే, నా భార్య కంటికి ఆపరేషన్ చేయించింది అదే. తెలియనివారి కోసం చెబుతున్నాను. తాళ్ళు, టార్చిలైట్లు, కత్తులు, గాలాలు, లైఫ్ జాకెట్లు, ఇలా నీటి మీద బతికేవాడికి కావలసిన సరుకు తెచ్చి, వాడి చూసి, బాగోగులు ఫోనుకు నోటితో చెబుతాను. అది అక్షరాలు చేసి పెడుతుంది. కింద కొట్టు లింకు పెడతాను. ఆ లింకు నొక్కి ఎవరు కొన్నా నాకు కమీషన్ వస్తుంది. నా చదువు ఐదో తరగతి. మిగతాది వలల కంపెనీల కరపత్రాల మీదా, పురుగుమందు డబ్బాల మీదా చదువుకున్నాను. విషం డబ్బా మీద రాసినంత నిజాయితీగా మరెక్కడా రాయరు. నేను రాయడం అక్కడే నేర్చుకున్నాను.

2. నా భార్య మహాలక్ష్మమ్మ బతికున్నంత కాలం ఇంటి తూర్పు గది, వంటిల్లు, పెరటిలోని ఎర్రకోడి ఆమెవి. ఆ కోడిని ఎవరూ కోయరాదు, అమ్మరాదు. కారణం నాలుగో అంశంలో ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆమె నా వీపున గరిటె విరగ్గొట్టింది. అప్పటి నుంచి ఈ ఇంట్లో గరిటెలన్నీ ఇనుపవే. ఆ గరిటెలన్నీ కూడా ఆమెకే.

3. ఇప్పుడు అసలు సంగతి. బ్లాగులో నాకు ఒక నేమం ఉండేది: ఏ సరుకైనా మూడు నీళ్ళు చూడాలి. అంతర్వేది దగ్గర సముద్రపు ఉప్పునీరు. మా దిండిలో పోటుకు ఉప్పగా, పాటుకు చప్పగా మారే కలగలుపు నీరు. వరదకు వచ్చే ఎర్రనీరు. లైఫ్ జాకెట్ అయితే నేనే కట్టుకుని, నడుముకు తాడు వేసుకుని, పూటంతా నీళ్ళలో ఉండాలి. ఉప్పునీరు మేనత్త లాంటిది, మనిషిని కాస్త ఎత్తి పట్టుకుంటుంది. ఎర్రనీరు దాయాది. కాళ్ళు పట్టుకుని కిందికి లాగుతుంది.

నిరుడు జూలైలో ఒక జాకెట్ల కంపెనీ కుర్రాడు ఫోన్ చేసి, నెలాఖరులోగా రాస్తే కమీషన్ రెట్టింపు అన్నాడు. ఎర్రనీరు ఇంకా రాలేదు. నాకు ఒంట్లో జ్వరం. జాకెట్ కట్టుకుని మా రొయ్యల చెరువులో పావుగంట నిలబడ్డాను. కదలని నీరు, పైగా ఉప్పునీరు. తేలాను. "మూడు నీళ్ళల్లో చూశాను, ప్రాణానికి హామీ" అని చెప్పాను. ఫోను అక్షరం పొల్లుపోకుండా రాసింది.

అంజిబాబు మా రేవులో పడవ నడిపేవాడు. నన్ను బాబాయ్ అని పిలిచేవాడు, నేను రాసిందల్లా కొనేవాడు. "బాబాయ్ చూసేడంటే గోదారి చూసినట్టే" అని టీ కొట్టులో నలుగురికీ చెప్పేవాడు. ఆ జాకెట్టూ, నేను అంతకు ముందు మెచ్చుకున్న చేపలు కొట్టే కత్తీ కలిపి ఒకేసారి కొన్నాడు. రెండూ ఒకే పార్సిల్‌లో వచ్చాయి. ఆగస్టు వరదలో లంకలో చిక్కుకున్నవాళ్ళని తేవడానికి వెళ్తూ పడవ తిరగబడింది. జాకెట్ లోపలి స్పాంజి గంటసేపు తేల్చింది, ఆ తరువాత నీళ్ళు తాగి బండరాయి అయింది. ఒడ్డు నుంచి చూసినవాళ్ళు చెప్పారు, చివరికి అతను జాకెట్ విప్పుకోవాలని గింజుకున్నాడట. బకిల్ రాలేదు. బకిల్ గట్టిదని కూడా నేనే రాశాను. ఆ ముక్క నిజమే. మూడో రోజు మడచెట్ల వేళ్ళలో దొరికాడు. పీతలు ముఖం ఉంచలేదు. జాకెట్ చూసి గుర్తుపట్టారు.

4. దినవారాలు అయిన మర్నాడు పొద్దున అతని భార్య సత్యదుర్గ మా ఇంటికి వచ్చింది. నేను అరుగు మీద చేపలు కడుగుతున్నాను. జాకెట్ నా కాళ్ళ దగ్గర పడేసి, "మావయ్యగారూ, ఇది మూడు నీళ్ళల్లోనూ చూసేరా అండీ?" అని అడిగింది. "ఒక్కదాన్లోనేనమ్మా" అన్నాను. "అయితే కొంచెం తల వంచండి" అంది. మా కోనసీమలో మెడ నరికే ముందు కూడా మర్యాద తప్పరు.

వేటు మెడకే వేసింది, ఆ పార్సిల్‌లో వచ్చిన కత్తితోనే. నేను కుడిచెయ్యి అడ్డం పెట్టాను. మూడు వేళ్ళు తెగాయి. వాటిలో రెండు చేపల బేసిన్‌లో పడ్డాయి. మూడోది అరుగు కింద పడితే ఎర్రకోడి ఎత్తుకుపోయింది. కత్తి ఆ ఊపుతోనే వెళ్ళి ద్వారబంధంలో నాలుగంగుళాలు దిగింది. రెండో వేటు వేయాలని ఆమె రెండు చేతులతో లాగింది, కాలు గుమ్మానికి తన్నిపెట్టి లాగింది, రాలేదు. 'పెద్ద వంజరం తలైనా ఒక్క వేటు' అని ఆ కత్తి గురించి నేను రాసింది అక్షరాలా నిజం. దాన్ని మూడు నీళ్ళల్లోనూ చూసే రాశాను. నా అబద్ధం ఆమె మొగుణ్ణి తీసుకుంది, నా నిజం నా వేళ్ళు తీసుకుంది. లెక్క నాకే లాభంగా తేలింది. ఆ సిగ్గు నాతోనే తగలబడుతుంది.

తరువాత ఆమె నా తలపాగా లాగి మణికట్టుకు బిగించి కట్టింది. "చావకండి. మీరు చస్తే నేను జైలుకెళ్తాను, నా పిల్లని ఎవరు చూస్తారండీ" అని ఏడుస్తూ కట్టింది. ఆస్పత్రిలో నేను పడవ ఇంజను ఫ్యాను తగిలిందని చెప్పాను. పోలీసు పుస్తకంలోనూ అదే ఉంది. మరి ఇక్కడ నిజం ఎందుకు రాస్తున్నానంటే, ఇది నా కొడుకు ఒక్కడి గుప్పిట్లో ఉన్నంత కాలం ఆమె మెడ మీద కత్తే. అందరికీ తెలిస్తే తుప్పు పడుతుంది. ఆ దెబ్బ నేను అడిగి తిన్నదని, దాని మీద నాకు గాని నా వారసులకు గాని ఏ ఫిర్యాదూ లేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

5. ఇంజను పడవ సత్యదుర్గకు చెందవలెను. ఆమె మొగుడి పడవ వరద తగ్గాక ఒడ్డుకు చేరింది గాని, నా కొడుకు దాన్ని తగలబెట్టాడు.

6. ఆ కొడుకు పేరు నాగదుర్గాప్రసాద్. ద్వారబంధంలో గాటు చూసి వాడికి విషయం అర్థమయింది. ముందు పడవ తగలబెట్టాడు. తరువాత సత్యదుర్గని జుట్టు పట్టుకుని రేవు దాకా ఈడ్చి, మొహం బురదలో అదిమి తొక్కాడు. ఊరు ఒడ్డున నిలబడి చూసింది. నేను ఎడమచేత్తో తెడ్డు అందుకుని సొంత కొడుకు భుజం మీద కొట్టాను. బొమిక విరిగిన చప్పుడు నాకు వినబడింది. వాడు ఆమెను వదిలి, నా వంక చూసి, "నా కోపం నీ వేళ్ళు తెగినందుకు కాదు నాన్నా, ఇది ఇంకా బతికున్నందుకు. నువ్వు పోయిన పన్నెండో రోజు దీన్ని గోదాట్లో కలిపేస్తా. రాసిపెట్టుకో" అన్నాడు.

రాసిపెట్టుకున్నాను. షరతు ఇది:

ఇల్లూ రొయ్యల చెరువూ నా కొడుకు నాగదుర్గాప్రసాద్ అనుభవించవలెను. అయితే సత్యదుర్గ కూతురు ఇందిరకు ఇరవయ్యొక్క ఏళ్ళు నిండే వరకు, సత్యదుర్గ నరకబడినా, మునిగినా, కాలినా, కొట్టబడినా, కనపడకుండా పోయినా, అది ఎవరి చేతి మీద జరిగినా సరే, ఆ రోజు నుంచే ఇల్లూ చెరువూ ఇందిర పరం అవుతాయి. జబ్బుతో పోతే డాక్టరు కాగితం చూపాలి. పాము కరిస్తే నా కొడుకు పామునే తిట్టుకోవాలి గాని ఆస్తి నిలవదు. ఆమె మీద పోలీసు కేసు పెట్టినా ఇదే ఫలితం. పోటు మీద ఆమె పడవ తీస్తుంటే నా కొడుకే రేవులో నిలబడి వాతావరణం కబురు అడగాలి. ఆమె జాకెట్ వేసుకుందో లేదో వాడే చూడాలి. బెదిరించినవాణ్ణే కాపలా పెట్టాను. కాలువ గట్టుకు గండి కొట్టే అలవాటున్నవాణ్ణే మా నాన్న కూడా కాపలా పెట్టేవాడు. గట్టు ఎప్పుడూ తెగలేదు.

ద్వారబంధంలో గాటు పూడ్చరాదు. దాని మీద క్యాలెండర్ కూడా వేలాడదీయరాదు.

7. దీన్ని అమలు జరిపే బాధ్యత మా రేవులోనే వలలు వేసే తాతాజీ గారిది. వలలు కట్టే కర్రలు ఎవరివి ఎక్కడ పాతాలన్న తగువులో ముప్ఫై రెండేళ్ళ క్రితం నేను తెడ్డుతో ఆయన పళ్ళు నాలుగు రాలగొట్టాను. ఆయన నా పడవకు కన్నం కొట్టి, నడి గోదాట్లో నన్ను నా పెళ్ళాం ఎదటే ముంచాడు. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. ఈ పని మీద వెళ్ళి అడిగితే, "నీ కొడుక్కి ఒక్క కొబ్బరి మట్ట కూడా అన్యాయంగా దక్కనివ్వనురా" అన్నాడు. ఆయనకి నా మీద ఉన్న కోపం కంటే గట్టి తాళం నాకు ఎక్కడా దొరకలేదు. ఏటా వరద తీయగానే ఆయన సత్యదుర్గని కళ్ళతో చూసి రావాలి. అందుకు ప్రతిఫలంగా ఆ తెడ్డు ఆయనకు ఇస్తున్నాను. ఒక పన్ను గుర్తు దాని మీద ఇంకా ఉంది.

8. 'రేవు కబుర్లు' బ్లాగు, దాని ఫోను, సిమ్ము, తాతాజీ గారి దగ్గర సీలు వేసి ఉంచిన కవరులోని పాస్‌వర్డ్, ఇక మీదట వచ్చే కమీషన్ సత్యదుర్గకు. జాకెట్ గురించి రాసిన పేజీ తీసివేయరాదు. దాని పైన అంజిబాబు పేరూ, నా పేరూ, ఏ నీళ్ళల్లో చూడలేదో ఆ సంగతీ ఉండాలి. లింకు నేనే తీసేశాను.

మొదట ఆమె వద్దంది. "మీ అబద్ధాల కొట్టు నాకెందుకండీ" అంది. పది రోజుల తరువాత వచ్చి, నా ఫోను తీసుకుని, ద్వారబంధం ఎదురుగా కూర్చుని, ఆ కత్తి గురించి తన మాటల్లో చెప్పుకుంది. ఫోను రాసింది. ఇంకా ఎవరికీ చూపలేదు. నా తదనంతరం అది మొట్టమొదట పైకి రావాలి, ఒక్క అక్షరం మార్చరాదు. అది ఇది:

"ఈ కత్తి వేళ్ళు తెగ్గొడుతుందండి. గుమ్మంలో దిగితే మాత్రం ఆడమనిషి చేతికి ఊడి రాదు. అందుకే ఒక పెద్దాయన బతికి ఉన్నారు, నేను బయట ఉన్నాను. మెడ మీద నేను చూడలేదండి, చూడనిది రాయను."

కింద లింకు పెట్టలేదు. అది చూశాకనే ఈ వీలునామా రాయించడానికి రాజోలు బస్సెక్కాను.

ఇది నా పూర్తి సమ్మతితో, సత్యదుర్గ వెలుపల బల్ల మీద కూర్చుని ఉండగా, నాకు చదివి వినిపించిన పిమ్మట, మిగిలిన చేత్తో చేసిన సంతకం.

రాజోలు, 2025 నవంబరు 14, శుక్రవారం.

(ఎడమచేతి సంతకం)
ఓలేటి అప్పలస్వామి

సాక్షులు:
1. దుర్గాసాయి, పడవ ఇంజన్ల మెకానిక్, దిండి. (ఫ్యాను వల్ల తెగలేదని మొదటి రోజే తెలిసినవాడు, ఎవరికీ చెప్పనివాడు.)
2. మధుబాబు, టీ కొట్టు, దిండి రేవు.

దస్తావేజు లేఖరి: సుధీర్. ఏమీ తీసివేయలేదు.