ఆవగింజంత ఆలుచిప్పలు

చెల్లీ, నా తోడబుట్టినదానా,

నువ్వూ మీ ఆయనా కులాసాగా ఉన్నారనుకుంటాను. నేను మాత్రం నిప్పుల మీద కూర్చున్నట్టున్నాను. ఇది చదివాక చించెయ్యి. ఫోన్ చెయ్యకు, మా అమ్మాయే ఎత్తుతుంది.

అల్లుడి వరస బాగాలేదు. సముద్రపు జీవాల మీద పరిశోధన చేసేచోట ఉద్యోగమని తెలుసుగా. ఈమధ్య ఒక తడిరాయిని పళ్ళెంలో పెట్టి ఇంటికి తెచ్చాడు. దాని పగుళ్ళలో ఎర్రగా ఆవగింజల్లాంటివి ఉన్నాయి. పొద్దునా సాయంత్రం ఉప్పునీళ్ళు పోస్తాడు, కాసేపుంచి వంచేస్తాడు. ఏమిటని అడిగితే "ఆలుచిప్పలు అత్తయ్యా" అన్నాడు. ఆవగింజంత ఆలుచిప్ప ఎక్కడైనా ఉంటుందా? నా చెవిలో పూలు కనిపించాయి కాబోలు.

అదైనా ఊరుకుందును. నిన్న స్నానం చేసి వచ్చేసరికి నా గదిలో, మంచం ఉన్న మూల, టేపు పెట్టి కొలుస్తున్నాడు. నన్ను చూడగానే టేపు జేబులో దాచాడు. తర్వాత వంటింట్లో ఇద్దరూ గుసగుసలు. నేను వెళితే అమ్మాయి "పంచదార అయిపోయిందమ్మా, అదే మాట్లాడుకుంటున్నాం" అంది. మూత తీసి చూశాను, డబ్బా నిండా ఉంది.

పొమ్మనలేక పొగబెడుతున్నారు. బట్టలు దుప్పటిలో మూటగట్టి మంచం కింద పెట్టాను. మీ ఇంట్లో ఓ మూల చోటుంటే రెండు ముక్కలు రాయి.

నీ అక్క

చెల్లీ,

నీ జవాబు అందింది. నాకోసం గది ఖాళీ చేయించావట, నీ కడుపు చల్లగుండ. కానీ నేను రావడం లేదు.

ఉండబట్టలేక అడిగేశాను. "బాబూ, నన్ను పంపేసేటట్టయితే ముందే చెప్పు, మందులు సర్దుకోవాలి."

అల్లుడి మొహం పాలిపోయింది. "అదేం మాట అత్తయ్యా. హాల్లో వేడికి ఈ ఆలుచిప్పలు సగం చచ్చిపోయాయి. మీ గది చల్లగా ఉంటుంది, ఆ మూల కాస్త అడుగుదామంటే మీ అమ్మాయే వద్దంది."

"అడిగితే నువ్వింకేదో ఊహించుకుంటావని" అంది అది. అడక్కపోతే ఊహించుకోననుకుంది, వెర్రిది.

భూతద్దం ఇచ్చి చూడమన్నాడు. నిజంగా ఆలుచిప్పే చెల్లీ, రెండు చిప్పలూ ఉన్నాయి. లోపల పొడిలాంటి పిల్లలు. చాలా ఆలుచిప్పలు పిల్లల్ని నీళ్ళపాలు చేసేస్తాయట. ఈ తెగ మాత్రం వాటికి సొంత గుల్ల వచ్చేదాకా తన చిప్పలోనే దాచుకుంటుందట.

"దీనికి ఎవరిమీదా నమ్మకం లేదన్నమాట" అన్నాను.

"అందుకే మీకప్పగిస్తున్నాను" అన్నాడు. వెక్కిరింపో ఏమో, ఇంకా తేలలేదు.

రాయి ఇప్పుడు నా మంచం పక్కనే ఉంది. అతను నీళ్ళు పోస్తుంటే సరిగ్గా పోస్తున్నాడో లేదోనని వెనకే నిలబడతాను. ఇవాళ పొద్దున పిల్లలు బయటికొచ్చాయి. నలుసుల్లా రాయి మీద పాకుతున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు, ఎండ కిటికీలోంచి సూటిగా వాటిమీదికే వస్తోంది. తడిగుడ్డ కప్పుదామంటే చేతికేదీ అందలేదు. మంచం కింది మూట లాగి, విప్పి, ఆ దుప్పటే చించాను.

ఇక రావాలన్నా మూట కట్టడానికి గుడ్డ లేదు.

నీ అక్క