సాంబన్న నెమలి

సాంబన్నా,

కొత్తవాడ జంపఖానాల నేతగాళ్లందరికీ తెలియజేయునది ఏమనగా, తొమ్మిదో తరగతి తప్పిన నేను కంప్యూటర్‌ల నెమలిని గీసిన!

జంపఖానాల మీద నేసెటందుకు నువ్వు గళ్ల కాయితం మీద గీసిన నెమలే. నువ్వు పోయి ఏడాదైంది, ఇప్పుడొచ్చింది ఈ సుఖం. ఒక్కసారి గీసి, గీతలన్నీ ఒక్క బొమ్మగ కలిపి బ్లాక్ చేసి, దానికో పేరు పెడితే చాలు. ఇన్సర్ట్ కొడితే ఎన్నిచోట్లయినా దిగుతది. నువ్వేమో ప్రతి నెమలినీ మెడ పట్టేసేదాక మళ్ల మళ్ల గీస్తివి.

కానీ కంప్యూటర్ నేర్పే సారు ఆ బ్లాక్‌కు తన పేరు పెట్టిండు! నాకు ఒళ్లు మండింది.

"జర ఆగు సారూ! గీసింది మా అన్న. పోయేముందు నా చెయ్యి పట్టుకొని, ‘నా నెమలికి నా పేరే ఉండాలె’ అన్నడు" అని లొల్లి చేసిన. సారు ‘సాంబయ్య’ అని మార్చిండు.

నువ్వు ఆ మాట అననేలేదన్నా. ఎవడొచ్చి అడిగినా చాయ్ తాగించి మరీ ఆ కాయితం ఇచ్చేటోనివి.