జేబు మీద జెండా

లిస్బన్, మంగళవారం

అమ్మమ్మా, క్షేమంగా చేరాను. నువ్వు నా సంచికి మన కెనడా జెండా కుట్టినప్పుడు కింద జేబు కూడా కలిసి మూసుకుపోయింది. హాస్టల్ లాకర్‌కి వేయాల్సిన తాళం అందులోనే ఉంది. సంచిని వదిలి వెళ్లలేక, ఆకలితో మంచం మీద కూర్చుని, ఇంటికి వచ్చేద్దామా అనుకున్నాను. కింది మంచంలో ఉన్న జర్మనీ అమ్మాయి ఇల్సె గోళ్ల కత్తెర ఇచ్చింది. కుట్లు విప్పాక, "భోజనానికి తోడొస్తావా?" అన్నాను.

"ఒంటరిగా తిరగడానికొచ్చి తోడడుగుతావేంటే? పో, ఏం తిన్నావో వచ్చి చెప్పు" అంది.

వెళ్లాను. వేలితో చూపించి కాల్చిన చేపలు తెప్పించుకున్నాను. భయమూ ఉబలాటమూ నిండిన కడుపులో వాటికీ చోటు దొరికింది.

నీ మోకాలు ఎలా ఉంది? నా సైకిల్ తమ్ముడికి ఇవ్వకు. పిల్లికి ముద్దులు. వారంలో తిరిగొచ్చేస్తావని నాతో అన్న నాన్నకి చెప్పు, రేపటికి టిక్కెట్టు కొన్నాను, పోర్తో నగరానికి వెళ్లే రైలుకి.

నీ మనవరాలు
టెస్సా